నిండు పియాలా

1996 అక్టోబరు 17, ఉదయం ఏడుంబావు. దుషన్బేలో ఆరు డిగ్రీల చలి, పడమటి గాలితో సన్నని వాన. కెప్టెన్ షోద్మొన్ తడిసిన కోటు విప్పకముందే కల్నల్ హోమిదొవ్ తలుపు గడియ వేశాడు.

"కూర్చోవయ్యా. మిషన్ జీపులో బాంబుంది."

మిషన్ అంటే ఆ నగరంలో ఒక్కటే. అంతర్యుద్ధంలో కాల్పుల విరమణను కనిపెట్టి ఉండడానికి, ప్రభుత్వ అనుమతితో వచ్చిన అంతర్జాతీయ శాంతి బృందం. దాని అధిపతి బ్రిగేడియర్ సొలానో ఆ రోజు కొండల్లోని గర్మ్ పట్టణానికి బయలుదేరుతున్నాడు. అక్కడ ప్రభుత్వ ప్రతినిధులూ తిరుగుబాటు నాయకులూ మొదటిసారి ఒకే గదిలో కూర్చోబోతున్నారు.

"పెట్టిందెవరు సార్?"

"సరిహద్దు అవతలి ఆయుధాల ముఠా. యుద్ధం ఆగితే వాళ్ల కొట్టు మూతపడుతుంది. జీపు చర్చల వాకిట్లో పేలిందనుకో, నింద మన మీదికొస్తుంది. మిషన్ మూటాముల్లె సర్దుకుంటుంది. మళ్లీ మొదలు. మీట నొక్కే మనిషి మిషన్‌లోనే ఉన్నారు. ఎవరో తెలీదు."

"జీపు ఆపి సోదా చేస్తా."

"చేస్తావు, చేస్తావు. వాళ్ల బండినిగానీ మనిషినిగానీ ముట్టుకోబోమని సంతకం పెట్టింది మనమే. పోయిన నెల మనవాడొకడు వాళ్ల టైరును తన్నినందుకు నేను క్షమాపణ చెప్పుకొచ్చాను. ఇవాళ ముట్టుకుంటే బాంబు అవసరం లేకుండానే వెళ్లిపోతారు."

"వైర్‌లెస్‌లో హెచ్చరిస్తే?"

"మీట దగ్గరున్నవాళ్లే వింటే?" కల్నల్ ఒక చేతి గడియారం అందించాడు. "ఇది పెట్టుకో. మీటకు ప్రాణమొస్తే ముల్లు వణుకుతుంది. సొలానో దారిలో టీకి ఆగకుండా పోడు. మన భాష రాకపోయినా మన టీ వచ్చు. రెండేళ్లుగా మా వదిన ఇంట్లోనే అద్దెకుంటున్నాడు. మొదటి రోజు మర్యాద అనుకుని ఆవిడకు టీ పియాలా నిండా పోశాడట. నిండా పోస్తే తాగి లేచి పొమ్మనే కదా మన దగ్గర అర్థం, ఆవిడ వారం మాట్లాడలేదు."

షోద్మొన్ గడియారం చేతికి కట్టుకున్నాడు.

"పని అయితే 'దానిమ్మ పండింది' అని కబురు పెట్టు. కాకపోతే కబురక్కర్లేదు, వినిపిస్తుంది." కల్నల్ గొంతు తగ్గించాడు. "గర్మ్‌లో మీ అన్న హోకిం కూడా ఉంటాడు. అవతలి పక్క."

షోద్మొన్‌కు తెలుసు. నాలుగేళ్లుగా ఆ అన్నదమ్ములు తుపాకుల మీదుగా తప్ప ఒకరినొకరు చూసుకోలేదు.

పదకొండు గంటలకు గర్మ్ దారిలో కాలువ గట్టు మీది టీ దుకాణంలో నెరిసిన పెట్టుడు గడ్డంతో, మాసిన చపాన్ అంగీతో షోద్మొన్ టీ కాచే సమోవార్ దగ్గర నిలబడి ఉన్నాడు. తెల్ల జీపు వచ్చి ఆగింది. డ్రైవరు బండిలోనే ఉండిపోయాడు. సొలానోతో పాటు దుబాసీ నిగీనా దిగింది. ఎర్ర శాలువా, వెండి చెవిపోగులు. పొయ్యి దగ్గరి ముసలివాళ్లు సైతం తలలు తిప్పారు.

"ఏం బాబాయ్, చేతులు వణుకుతున్నాయి? చలా, ముసలితనమా?"

"రెండూనమ్మా."

వణుకు నటన కాదు. అందుకే ఆమెకు పోస్తున్న పియాలా పొరపాటున అంచు దాకా నిండిపోయింది. తిట్టు కోసం ఎదురుచూశాడు.

"అబ్బ, ఎంత ధారాళం నీది! మా ఊరు ఖుజంద్‌లో అడుగు తడిపి ఊరుకుంటారు, పిసినారులు." ఆమె ఆనందంగా తాగింది.

ఖుజంద్‌లో పుట్టిన పిల్లకు అడుగు తడపడమే గౌరవమని పాలు తాగే వయసులోనే తెలుస్తుంది. అంటే ఆ పుట్టుక అబద్ధం. ఆ పుట్టుక ఆధారంగానే మిషన్ ఆమెను నమ్మింది. ప్రభుత్వం చెప్పే ప్రతి మాటా ఆమె నోటి గుండానే సొలానోకు చేరుతుంది.

నోరు అక్కరలేని మాట ఒక్కటే మిగిలింది. షోద్మొన్ సొలానో పియాలాను కావాలనే నిండా పోశాడు. ఇంకొకటి నింపి, జీపు వైపున్న బల్ల అంచు మీద పెట్టాడు.

సొలానో ముఖం ఎర్రబడింది. పియాలాను చూశాడు, పోసినవాడి కళ్లను చూశాడు, జీపును చూశాడు. తర్వాత లేచి, బండి వదిలి పరుగెత్తమని తన భాషలో డ్రైవర్ని కేకేశాడు. డ్రైవరు దూకి పరుగెత్తాడు.

నిగీనా చేయి సంచిలోకి వెళ్లింది. గడియారం ముల్లు వణికింది. మీట దాచిన వెండి సిగరెట్ పెట్టె తెరుచుకుంటుండగా షోద్మొన్ మరుగుతున్న టీకుండను ఆమె మణికట్టు మీద కుమ్మరించాడు. పెట్టె కాలువలో పడింది. ముల్లు ఆగింది.

"టీ మంచిది," అన్నాడు సొలానో, తనకొచ్చిన నాలుగు తాజిక్ ముక్కల్లో. "మర్యాద, సున్నా."

స్పేర్ టైరులోని బాంబును మిషన్ సైనికులే తీశారు. నిగీనాను వాళ్లే పట్టుకున్నారు. చర్చలు కాస్త ఆలస్యంగా మొదలయ్యాయి.

'దానిమ్మ పండింది' అన్న కబురు విన్న కల్నల్ ముందుగా అడిగింది ముట్టుకోబోమన్న ఒప్పందం గురించి.

"మిషన్ మనిషి మీద చెయ్యి వేశావట?"

"చెయ్యి కాదు సార్, టీ."

2000 మే నెలలో మిషన్ పని ముగించుకుని దేశం విడిచి వెళ్లింది. అంతకు ముందు వీడ్కోలు విందుకు సొలానో అన్నదమ్ముల దగ్గరికి వచ్చాడు. హోకిం రొట్టె విరిచి పెట్టాడు, షోద్మొన్ టీ పోశాడు. పియాలా అడుగు మాత్రమే తడిసింది.