నాపరాయి అంచున గీతలు

పొద్దుగూకినాక మార్కాపురంలో ఆ పలకల షెడ్డు వైపు ఎవరూ పోయేవాళ్లు కాదు. మన రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మాట ఇది, ఊరు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. అంతకు ముందు ఆ షెడ్డు ఒక దొరసాని నడిపిన బడి. ఐర్లండు నుంచి వచ్చిన మనిషి, వాకిలి దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. అందులోనే కన్నుమూసింది.

ఆమె పోయినాక చీకట్లో గీర్... గీర్... మని చప్పుడు. తెల్లారి చూస్తే, వాకిలి పక్కన నిలబెట్టిన నాపరాయి అంచున కొత్త గీతలు — అడ్డంగా, ఏటవాలుగా. ఒక్కో గీత ఒక్కో ప్రాణమని, దొరసాని పిలవబోయే వాళ్ల లెక్కని పుకారు పుట్టింది.

పలకలకు చట్రాలు బిగించే ఆడోళ్లు పనికి రావడం మానేసినారు. సోమవారం నాటికి ఎవరూ రాకపోతే షెడ్డు మూసి గిద్దలూరికి పోతానన్నాడు యజమాని మల్లికార్జునరావు. పనివాళ్లలో ఒకతె అయిన గోవిందమ్మ గుండెల్లో రాయి పడింది. మొగుడు మంచాన ఉన్నాడు, ఆ కూలితోనే ఇంట్లో పొయ్యి వెలిగేది. దెయ్యం ఒకసారే చంపుతాది, ఆకలి రోజూ చంపుతాది అనుకొని, ఆదివారం రాత్రి పోయి పలకల దొంతర వెనక నక్కి కూర్చుంది.

కీచురాళ్లు ఆగిపోయినాయి.

గీర్...

వెన్నెల్లో తెల్లటి ఆకారం. రాయిని కరుచుకొని, వంగి... గీర్... గీర్...

గోవిందమ్మకు పారిపోదామంటే కాళ్లు రాలేదు. చేతులైనా వచ్చినాయి కదా — గభాల్న ఆ తెల్లకోక కొంగు పట్టుకుంది.

ఆకారం దగ్గింది.

దెయ్యాలు దగ్గవు.

"ఎవురే అది... వదులు," అని గుసగుసలాడింది ఆకారం. "నా కోడలు దానమ్మ పంపిందా నిన్ను?"

మగ్దలీనమ్మ! దొరసానికి వండిపెట్టిన ముసలామె. చేతిలో మేకు.

అవ్వ చెప్పిన సంగతి ఇది. దొరసాని దేశంలో పూర్వం రాతి అంచునే గీటుగా పెట్టుకొని, దానికి అటూ ఇటూ గీతలు గీసి రాసేవాళ్లు. దండెం మీద బట్టలు ఆరేసినట్టనుకోండి. ఇటు రెండు గీతలైతే ఒక అక్షరం, అటు మూడైతే ఇంకొకటి. ఆ రాత పేరు ఓగం. తర్వాతి కాలంలో మఠాల్లో సన్యాసులు తోలు మీద గ్రంథాలు రాస్తా రాస్తా, ఎప్పుడైనా విసుగొస్తే పుట అంచున ఈ గీతల్లో తమ గోడు గీసుకునేవాళ్లు. రాత్రి తాగింది ఇంకా దిగలేదని కూడా ఒకాయన గీసినాడంట. దొరసాని ఆ గీతలను మన అక్షరాలకు కుదిర్చి మగ్దలీనమ్మకు నేర్పింది.

"మరి నువ్వేం రాసినావవ్వా?"

మగ్దలీనమ్మ అటూ ఇటూ చూసి, రాయి మీద వేలు పెట్టి చదివింది. "సంగటి ఉడకలేదు... పచ్చడిలో ఉప్పెక్కువ... కోడలికి చెప్తే అలుగుతాది."

ఊరు ఊరంతా వణికింది ఈ ఉప్పుకు! గోవిందమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఇది నీ రాతేనని రేపు పనోళ్లకు చెప్పుకోనీయమని బతిమాలింది. చెప్పుకో, ఉప్పు మాట మాత్రం ఎత్తొద్దని ఒట్టేయించుకుంది అవ్వ.

"ఆ పైన ఉండేది కూడా చదువవ్వా."

మగ్దలీనమ్మ తలెత్తింది. ఆమె చేయి అందనంత ఎత్తున ఒక వరస. గీతల్లో రాతిపొడి ఇంకా తెల్లగా, తాజాగా...

"అది నేను రాయలేదమ్మీ."

పెదాలు కదిలిస్తా ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

"మగ్దలీనా... నీ టీ... ఎప్పుడూ... చల్లగానే ఉండేది."

సోమవారం షెడ్డు తెరిచినారు. గీతలన్నీ అవ్వవేనని గోవిందమ్మ చెప్తే, ఆడోళ్లు నవ్వుకుంటా పనిలో కూర్చున్నారు. పై వరస సంగతి ఆమె చెప్పలేదు. కాకపోతే ఆ రోజు నుంచి, తాళం వేసే ముందు పొగలు కక్కే టీ ఒక గ్లాసు గడప మీద పెట్టిపోయేది మగ్దలీనమ్మ. తెల్లారేసరికి ఖాళీ.

పిల్లి తాగిపోతోందని మల్లికార్జునరావు అనేవాడు. అయ్యుండొచ్చు, పిల్లులు టీ తాగుతాయేమో. కానీ తాగిన గ్లాసు కడిగి బోర్లించి పోయే పిల్లిని మాత్రం మార్కాపురంలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.