పిచ్చుక కాలి బొటనవేలు

పొద్దున ఏడైంది. పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి, కుళాయి కింద బకెట్టు నిండి కారిపోతోంది, ఇంటాయన ఒక చేత్తో డ్రైవరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఇంకో చేత్తో బస్సు డ్యూటీ కాగితం వెతుకుతున్నాడు. ఏ ఇంట్లోనైనా ఇంతే. ఈ ఇంట్లో మాత్రం వీటన్నిటి వెనక ఆక్సిజన్ మిషన్ గురగుర ఒకటి ఉంటుంది. రెండేళ్లుగా అది ఆగింది లేదు.

ఆ మిషన్ గొట్టానికి అవతలి కొసన ఉన్నది పిచ్చుక. ఆరో నెల దాటగానే తొమ్మిది వందల గ్రాములతో పుట్టిన మనవరాలిని నాయనమ్మ అలా పిలిచింది, అదే నిలిచిపోయింది. పిల్ల ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు. కాలి బొటనవేలికి ఒక క్లిప్పు, క్లిప్పు తీగకు అరచేయంత తెర. అందులో పై అంకె ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది, కింది అంకె గుండె వేగం. పైది తొంభైకి తగ్గితే కీచుమని మోగుతుంది. పిల్ల కాలు విదిలించి క్లిప్పు జారినా అదే మోత. రోజుకు ఇరవైసార్లు మోగితే అందులో పందొమ్మిది ఉత్తుత్తివే.

నాలుగు రోజులుగా పిల్లకు జలుబు, జ్వరం. మామూలు పిల్లలైతే ముక్కు తుడుచుకుని ఆడుకునే జలుబే. కోడలు ఆ నాలుగు రాత్రులూ కన్ను మూయలేదు. ఆ ఉదయం మందు కొలుస్తూ కొలుస్తూ సీసా చేజార్చుకుంది. అత్తగారు గాజుముక్కలు ఊడ్చి, పిల్లను అందుకుంది.

"గంటసేపు నడుం వాల్చమ్మా. నేనున్నాగా."

"మోగితే లేపండి అత్తయ్యా."

"లేపకుండా ఉంటానా!"

అత్తగారు ముప్పై ఏళ్లు నూలుమిల్లులో పనిచేసిన మనిషి. అక్కడ దారం తెగితే గంట మోగేది. ముందు గంట ఆపు, తరువాత దారం ముడెయ్యి, అదీ పద్ధతి. ముప్పై ఏళ్ల అలవాటు చేతుల్లోంచి అంత తేలిగ్గా పోతుందా?

పావుగంటకే క్లిప్పు జారి మోగింది. సరిచేసింది. మళ్లీ జారింది. మూడోసారి మోగేసరికి పక్కగదిలో కోడలి మంచం కిర్రుమంది. పాపం, ఇప్పుడిప్పుడే కునుకు పట్టింది కదా అనుకుని, పెద్దావిడ ఆ క్లిప్పు తీసి తన చూపుడువేలికి పెట్టుకుంది. మోత ఆగింది. పిల్ల నిద్రపోగానే మళ్లీ కాలికి పెడదామనుకుంది. భుజం మీద మూలుగుతున్న పిల్ల కాసేపటికి మూలగడం మానేసింది. జ్వరం దిగిందని పెద్దావిడ సంబరపడింది. కదిపితే లేస్తుందని కదపలేదు.

కోడలు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చింది. తెర మీద తొంభై ఏడు. నాలుగు రోజుల్లో చూడని అంకె అది. దణ్ణం పెట్టుకుని వెళ్లి పడుకుంది. మూడోసారి కింది అంకె కూడా చూసింది. డెబ్బై రెండు. జ్వరంతో ఉన్న పిచ్చుక గుండె నూట యాభైకి తగ్గదు. డెబ్బై రెండు పెద్దవాళ్ల గుండె. తీగ వెంట చూస్తే అది అత్తగారి వేలి దగ్గర ఆగింది. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి.

ఆసుపత్రిలో పిల్లను అద్దాల తలుపు లోపలికి తీసుకుపోయారు. డ్రైవరు సగం దారిలో బస్సు ఇంకొకరికి అప్పగించి పరుగెత్తుకొచ్చాడు. కోడలు అతన్ని చూడగానే అత్తగారి వైపు తిరిగింది.

"మిషన్ నోరు నొక్కేశారు. పిల్ల పోతుంటే నాకు తెలియకుండా చేశారు."

"నువ్వు పడుకున్నావనీ..."

"నిద్ర కావాలని నేనడిగానా?"

అమ్మ కావాలని చేసిందా అన్నాడు అతను. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇక ఈవిడ నా పిల్లను ముట్టుకోవడానికి వీల్లేదంది కోడలు.  పెద్దావిడ ఆ వేలిని పిడికిట్లో దాచుకుని గోడకు ఆనుకుంది.

డాక్టరమ్మ బయటికొచ్చి, ఎంతసేపు అలా ఉందని అడిగింది. ఎవరికి తెలుసు? తెర లెక్కపెట్టింది వేరే మనిషిని.

"పోనీ, పిల్ల పెదాలు మామూలుగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారు?"

 గుమ్మం దాకా వచ్చిన రెండుసార్లూ కోడలి కళ్ల ముందు కదిలాయి. పిల్ల నాలుగడుగుల దూరంలో ఉంది.

"రెండుసార్లు వచ్చానండీ," అంది చివరికి. "తెర చూసి వెళ్లిపోయాను. పిల్లను చూడలేదు." అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

పన్నెండు రోజులకు పిచ్చుక ఇంటికొచ్చింది. బల్ల పట్టుకుని నిలబడే పిల్ల ఇప్పుడు మెడ నిలపలేకపోతోంది. మళ్లీ నిలబడుతుందా అంటే డాక్టరమ్మ చూద్దాం అంది, అంతే.

పెద్దావిడ పిల్ల ఉన్న గదిలో అడుగు పెట్టడం మానేసింది. మూడో రోజు ఉదయం కోడలే పిల్లను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

"వద్దమ్మా. నా చేతులంటే నాకే భయం."

"నాకు నా కళ్లంటే భయం అత్తయ్యా. ఇద్దరం ఉందాం." బొటనవేలికి క్లిప్పు పెట్టి, పైన మేజోడు తొడిగింది. "అది మోగినా మోగకపోయినా పెదాలు చూస్తుండండి. తేడాగా ఉంటే కేకేయండి. నేను కాసేపు పడుకుంటాను."

పడుకుందే గాని నిద్ర ఎక్కడిది? కాసేపటికి అవతల కీచుమని మోగింది. కోడలు దిగ్గున లేచి కాళ్లు నేల మీద పెట్టింది. మోత ఆగలేదు. ఎవరూ ఆపలేదు. ఆ మోతను మించి మిల్లు మనిషి గొంతు వినబడింది.

"పెదాలు ఎర్రగానే ఉన్నాయమ్మా! క్లిప్పు జారింది. కాలికే పెడుతున్నా."

మోత ఆగింది. కోడలు కళ్లు తుడుచుకుని, కాళ్లు మళ్లీ మంచం మీదికి తీసుకుంది.