నలభై సెకన్లలో పంపు

మొదటి బుల్లెట్ ప్రొఫెసర్ కళ్ళజోడు అద్దంలోంచి దూసుకుపోయింది. రెండోది అనవసరం. అయినా పేల్చారు. ముప్పయ్యేళ్ళుగా ఆయన పోగుచేసిన మట్టి నమూనాల సీసాలు పగిలి నేలంతా ఎర్రగా, నల్లగా కలిసిపోయింది.

అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. పదికల్లా ఏజెంట్ తన చీఫ్ ముందున్నాడు.

"నువ్వాయన దగ్గర రీసెర్చ్ చేశావుగా?"

"పదిహేనేళ్ళ కిందట, నాలుగేళ్ళు సార్. మట్టిబుర్రా అని తిట్టి గెంటేశారు."

"ఆయన కనిపెట్టిన బాక్టీరియా తెలుసా?"

"తెలుసు, ఇప్పుడే ఫైల్లో చదివాను. పైరుకు అందాల్సిన నైట్రోజన్‌ని గ్యాస్ చేసి గాల్లోకి వదిలేస్తుంది. ఒక్కసారి పొలంలో పడితే ఎంత ఎరువు వేసినా దండగే."

"అదున్న వయల్, ఆ చిన్న సీసా, నెల క్రితమే పోయింది. ప్రొఫెసర్ ఆ సంగతి నిన్న గమనించి మనకు ఫోన్ చేశాడు. ఇవాళ శవమయ్యాడు. మన పంట పోతే ధాన్యం అమ్ముకోవాలని చూస్తున్న విదేశీ ముఠా పని. ల్యాబ్‌లో మన మనిషి ఒకామె ఉంది, ముఠాలో చేరినట్టు నటిస్తోంది. పీహెచ్ ఎంత అని అడుగు. ఆరున్నర అంటే ఆమే."

చీఫ్ మట్టి తీసే స్టీలు గొట్టం ఒకటి చేతికిచ్చాడు. పిడి తిప్పితే పేలుతుంది. ఒక్కటే గుండు.

ఫ్రీజర్ మెకానిక్ వేషంలో ఏజెంట్ ల్యాబ్‌కి వెళ్ళాడు. తలుపు తీసినామెకు తెల్లకోటు, ఎర్రటి పెదాలు, ముడిలో పెన్సిల్. చూపు తిప్పుకోవడం కష్టమైంది.

"పీహెచ్ ఎంత మేడమ్?"

"ఆరున్నర. టైమ్ లేదు, పదండి. పన్నెండింటికి కాలవ పంపులు ఆన్ అవుతాయి. సరుకు అక్కడుంది."

వ్యాన్ ఆమే నడిపింది. పంపుహౌస్‌లో నీటిగుంట పక్కన ఇరవై లీటర్ల క్యాన్, దానికి కాపలాగా ఇద్దరు. ఏజెంట్ అడుగు ముందుకేసేలోగా వెనకనుంచి ఆమె పిస్టల్ అతని మెడకు ఆనింది.

"మీరూనా?" అన్నాడు.

"పదకొండేళ్ళు! ఆ జీవిని పట్టింది నేను, పెంచింది నేను. పేపర్ మీద పేరు మాత్రం ఆయనది. కింద చిన్న అక్షరాల్లో థాంక్స్ చెప్పాడు నాకు."

ఆ కడుపుమంట ఏజెంట్‌కి తెలియనిది కాదు. ఒక్క క్షణం జాలేసింది. ఆ క్షణంలోనే చేతిలోని గొట్టం పిడి తిప్పాడు.

ముందున్నవాడి ఛాతీ పేలింది. ఆమె పేల్చిన గుండు ఏజెంట్ భుజం చీల్చింది. కత్తితో మీదపడ్డ రెండోవాడి గొంతులోకి స్టీలు గొట్టం మూరెడు దిగింది. వాడు గొట్టాన్ని రెండు చేతులా పట్టుకునే కూలబడ్డాడు.

ఈలోగా ఆమె క్యాన్ మూత తీసి గుంటలోకి తన్నింది. గోడమీద పంపుల టైమర్ నలభై సెకన్లు చూపిస్తోంది. ముప్పై తొమ్మిది. ముప్పై ఎనిమిది.

ఏజెంట్ ఆమె నడుం పట్టి పడేశాడు. పిస్టల్ జారింది. ఆమె వేళ్ళు అతని గాయంలోకి దిగాయి. అతను అరుస్తూనే తలతో మొహం మీద కొట్టాడు. ముక్కు విరిగిన చప్పుడు. ఆమె వెనక్కి తూలి గుంటలో పడింది. తల ఇనప పైపుకు తగిలింది. ఇక కదల్లేదు.

పది. తొమ్మిది. ప్యానెల్‌కి తాళం. పక్కనే లావుపాటి కేబుల్. గాయం లేని చేత్తో చుట్టి, గోడకు కాలు తన్ని లాగాడు. నిప్పురవ్వలు మొహం మీదకు ఎగిశాయి. టైమర్ రెండు దగ్గర ఆరిపోయింది.

మూలనున్న బ్లీచింగ్ పౌడర్ డ్రమ్ములు మూడూ దొర్లించి గుంటలోకి కుమ్మరించాడు. క్లోరిన్ ఘాటుకు దగ్గుతూ, అక్కడే కూలబడ్డాడు. ఏ బాక్టీరియా అయినా ఆ నీళ్ళలో బతకదు.

మూడో రోజు చీఫ్ ఆస్పత్రికి ఒక ఉత్తరం పట్టుకొచ్చాడు. ఆ బాక్టీరియా గురించి ప్రొఫెసర్ పంపిన చివరి పేపర్ మీద సైన్స్ పత్రికవాళ్ళ అభిప్రాయం.

"ల్యాబ్ ఫలితాలు బాగున్నాయట. నిజమైన పొలాల్లో ప్రయోగించి చూపిస్తేగానీ అచ్చు వెయ్యరట. ఏం రాయమంటావ్?"

ఏజెంట్ కట్టుకట్టిన భుజం సర్దుకున్నాడు.

"ప్రయోగం మొదలైంది, సిబ్బంది కొరత వల్ల ఆగిపోయింది అని రాయండి సార్."