బ్రిస్బేన్ పడవలో బావ

"ఈ పెన్ను రాయదు," అన్నాడు చీఫ్ పాండురంగ. "మూత తిప్పి ఒక్కసారి గుచ్చితే చాలు. మూడు నిమిషాలు. చూసేవాళ్ళకు గుండెపోటే."

ఏజెంట్ శివశంకర్ పెన్నును ముట్టుకోలేదు. అది 2012 అక్టోబరు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మోటార్ వైండింగ్ షాపు. ముందు గదిలో నిజంగానే మోటార్లు చుడతారు. వెనక గదిలో దేశం గుట్టు కాపాడతారు. ఆ సంగతి ముందు గదివాళ్ళకే తెలియదు.

"ఎవరికి సార్?"

చీఫ్ ఫోటో తిప్పి పెట్టాడు. బట్టతల, నవ్వు ముఖం, మెడలో ఐడీ కార్డు. బిక్షపతి. తన సొంత అక్క కల్పన మొగుడు!

"నీలతార డిఫెన్స్ ల్యాబ్ నుంచి రాడార్ డ్రాయింగులు పోయాయి. అన్నీ కలిపి గోరంత చిప్. దొంగిలించిన ఇంజనీరును చెంగిచెర్లలో పట్టుకున్నాం, నోరు విప్పడం లేదు. చిప్ అప్పటికే చేయి దాటింది. అదే రోజు ఆ ల్యాబ్ స్టోర్ కీపర్ బిక్షపతికి లక్కీ డ్రాలో బ్రిస్బేన్ టూర్ తగిలింది. నమ్ముతావా?"

"మా బావ అమాయకుడు సార్."

"ప్రతి ద్రోహీ ఎవరికో ఒకరికి బావే." చీఫ్ గొంతు మారలేదు. "కలిసి వెళ్ళు. చిప్ విదేశీ ముఠాకు అందకముందే పట్టుకో. అందితే మాత్రం..." పెన్ను ముందుకు తోశాడు. "అక్కడ మన ఏజెంట్ కావ్య కలుస్తుంది. ఈ వాచీ మీట నొక్కితే ఆస్ట్రేలియా పోలీసులు నిమిషాల్లో వస్తారు."

ఇంట్లోవాళ్ళ లెక్కలో శివశంకర్ మిక్సీల కంపెనీ సేల్స్ మేనేజర్. మీటింగు కోసం తానూ బ్రిస్బేనే వెళ్తున్నానంటే అక్క ఎగిరి గంతేసింది. మురుకుల డబ్బా చేతిలో పెట్టి, "తమ్మీ, మీ బావ ఒట్టి పిచ్చోడు. ఎవలేం జెప్పినా నమ్ముతడు. జర పానం లెక్క సూసుకో," అంది.

ట్యాక్సీ నాగోల్ బ్రిడ్జి ఎక్కగానే బిక్షపతి అద్దం దించాడు. కింద మూసీ నురగలు కక్కుతూ గుప్పుమంటోంది. జేబులో ఉన్న చిల్లరంతా అందులోకి విసిరి, చేతులు కళ్ళకద్దుకున్నాడు.

"గా మురుగుల ఎందుకేస్తున్నవ్ బావా?"

"మురుగైతె ఏంది? గంగ గంగనే. నీళ్ళు దాటంగ పైస ఎయ్యకుంటె మా అవ్వ వీపు సాఫ్ జేసేది. ఇప్పటికీ చెయ్యి ఊకోదు."

బ్రిస్బేన్‌లో దిగేసరికి చీకటి పడింది. కారులో బావ గుర్రుపెట్టి నిద్రపోయాడు. హోటల్లో ఆయన స్నానానికి వెళ్ళగానే శివశంకర్ సూట్‌కేసు, బూట్లు, కెమెరా, మురుకుల డబ్బా అడుగు దాకా వెతికాడు. ఏమీ లేదు. అక్క మొగుడి బట్టలు దొంగలా తడుముతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. ఏమీ దొరకనందుకు సంతోషించాలో, భయపడాలో తెలియలేదు.

పొద్దున సౌత్ బ్యాంక్ రేవులో సిటీక్యాట్ పడవ ఎక్కారు. వెడల్పాటి మట్టిరంగు నది ఊరి మధ్యలో మెలికలు తిరుగుతోంది. ఒడ్డున అద్దాల మేడలు, వాటి కింద ఊదాపూల చెట్లు. రేవు పక్క చెత్త డబ్బాల్లో పొడుగు ముక్కు కొంగలు మూతి పెడుతున్నాయి. ఉక్కపోత మాత్రం అచ్చం ఉప్పల్‌దే.

"మస్తుంది రా ఊరు!" అంటూ బావ ముందు డెక్ మీద కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలతో ఒక అందగత్తె శివశంకర్ పక్కకు వచ్చింది.

"చెంగిచెర్ల బస్సు పోయిందా?"

"దమ్మాయిగూడ మీదుగా వస్తుంది."

కోడ్ సరిపోయింది. "కావ్య," అందామె. "ఆ పెన్ను నాకివ్వండి. మీ బావ కదా, మీ చెయ్యి ఆడదు."

శివశంకర్ మారుమాట లేకుండా ఇచ్చేశాడు. ఆ పాపం తన చేతి నుంచి పోతే చాలనుకున్నాడు. పదేళ్ళ సర్వీసులో అంత బుద్ధితక్కువ పని ఎన్నడూ చేయలేదు.

పడవ రివర్‌సైడ్ రేవు దాటింది. బావ జేబులోంచి మందపాటి పాత ఐదు రూపాయల బిళ్ళ తీసి ఎగరేసి పట్టుకున్నాడు.

"గదేంది బావా?"

"శంషాబాద్ ఎయిర్‌పోర్టుల ట్రావెల్స్‌టోడు ఇచ్చిండు. పడవల గైడ్ అడిగితె ఇయ్యాలెనట. ఫ్రీ లంచ్!"

ఫ్రీ లంచ్‌కు ఐదు రూపాయల బిళ్ళా? శివశంకర్‌కు వెలిగింది. బిళ్ళ లోపల బోలు! చిప్ అందులో ఉంది. బావకు పాపం ఏమీ తెలియదు. అడుగు ముందుకు వేయబోయాడు. పక్కటెముకల దగ్గర చొక్కాకు సన్నగా సూది తగిలింది. తన పెన్నే!

"కదలకండి," అంది కావ్య చెవిలో. "రెండు చోట్లా జీతం తీసుకుంటున్నాను. అవతలివాళ్ళు ఎక్కువిస్తారు. బిళ్ళ అందగానే మీ బావకు ఒక్క పోటు. తెలివిగా ఉంటే మీరు బతుకుతారు."

గడ్డి టోపీ పెట్టుకుని, గైడ్ బ్యాడ్జీ తగిలించుకున్న తెల్లవాడు నవ్వుతూ బావ వైపు నడుస్తున్నాడు. పది అడుగులు. ఆరు. దూకితే తాను పోతాడు, ఊరుకుంటే బావ పోతాడు. అక్కకు ఏ ముఖం పెట్టుకుని చూపించాలి? వాచీ మీట నొక్కాడు. పోలీసులు వచ్చేలోపు అంతా అయిపోతుంది. తలెత్తితే స్టోరీ బ్రిడ్జి ఇనుప కమ్ముల నీడ పడవ మీదకు వస్తోంది. తెల్లవాడు చెయ్యి చాపాడు.

శివశంకర్ గొంతు చించుకుని అరిచాడు.

"బావా! గంగ దాటుతున్నం. పైస ఎయ్యలే!"

"అయ్యో, మరిసే పోయిన!"

బిక్షపతి రెండో ఆలోచన చేయలేదు. జేబులో ఉన్నవన్నీ డాలర్ నోట్లే, చేతిలో ఉన్నది ఒక్క బిళ్ళే. కళ్ళకద్దుకుని గిరాటేశాడు. బిళ్ళ తెల్లవాడి వేళ్ళను రాసుకుంటూ పోయి మట్టినీళ్ళలో మునిగింది. వాడు కెవ్వున కేకేసి కమ్మీ మీదకు వాలాడు. కావ్య తల అటు తిరిగింది. ఆ క్షణమే చాలు. శివశంకర్ ఆమె మణికట్టు మెలిపెట్టాడు, పెన్ను అతని చేతిలోకి వచ్చింది. తర్వాతి రేవులో పోలీసులు సిద్ధంగా ఉన్నారు.

"ఏమైంది రా వాళ్ళకు?" అన్నాడు బావ.

"టికెట్ లేదట బావా."

శివశంకర్ ఫోన్లో చీఫ్‌కు జరిగిందంతా చెప్పాడు. "బిక్షపతికి తెలియదనడానికి ప్రూఫ్?" అన్నాడు చీఫ్.

"తెలిసినోడైతే కోట్లు పలికే బిళ్ళను నదికి మొక్కి పారేస్తాడా సార్?"

"సరే. అనుమానితుల్లోంచి పేరు కొట్టేస్తున్నా."

శివశంకర్ ఫోన్ పెట్టేశాడు. వచ్చి రేవులో బావ పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. బావ మురుకుల డబ్బా తెరిచి ఉన్నాడు.

"ఏం మొక్కినవ్ బావా?"

"ఏముంటది, ఇద్దరం సల్లగ ఇల్లు జేరాలని. గని ఫ్రీ లంచ్ పాయె." నవ్వి, ఊదాపూల బొమ్మ ఉన్న పోస్టుకార్డు తీశాడు. "మీ అక్కకు రెండు ముక్కలు రాస్త. నీ జేబుల పెన్ను జర ఇటియ్యి."

శివశంకర్ జేబును అరచేత్తో గట్టిగా మూసుకున్నాడు.

"ఇది రాయదు బావా."