గోడ మీద నాలుగో ఫొటో

“రాడార్ డిజైన్ చిప్ ఈ సాయంత్రమే చేతులు మారుతుంది. స్టాఫ్ డిన్నర్‌లో. మధ్యలో పట్టుకో, అంతే,” అన్నాడు చీఫ్.

“అంతే” అన్న మాట చీఫ్ నోట వచ్చినప్పుడల్లా ఏజెంట్‌కు కడుపులో మండేది. ఈ మధ్య ఊరికే కూడా మండుతోంది. డాక్టరు అల్సర్ అన్నాడు.

“చేర్చేది సేల్స్ మేనేజరే. మనకూ పనిచేస్తోంది, దాన్ని కొనే ముఠాకూ పనిచేస్తోంది. చిప్ దొరకకుండా ఆమెను ముట్టుకుంటే ముఠా మాయమైపోతుంది. కోడ్ గుర్తుందా?”

“చిప్ దొరికితే ‘ఉప్పు సరిపోయింది’.”

“రూల్?”

“నా ముఖం ఏ ఫొటోలోనూ పడకూడదు. కన్నకూతురి పెళ్లి ఆల్బంలోనే నేను లేను సార్, ఇంకా గుర్తు చేయాలా?”

చీఫ్ గొంతు అతని చెవిమిషన్‌లోంచి వస్తోంది. అది చెవిమిషన్ కాదు, ట్రాన్స్‌మిటర్. మూడేళ్ల కిందట ఈ రాడార్ ఫ్యాక్టరీలో ముసలి స్టోర్‌కీపర్ వేషం వేసినప్పుడు జుట్టుకు తెల్లరంగు పూసుకున్నాడు. ఇప్పుడు ఆ రంగుతో పని లేదు. వేషమే నిజమైపోయింది. ఆఫీసులో అందరికీ అతను బాబాయ్.

రెస్టారెంట్‌లో పొడవాటి టేబుల్. ఎనిమిది మంది. ఏజెంట్ చివరి కుర్చీలో పెరుగన్నం కలుపుకుంటూ సేల్స్ మేనేజర్ మేడంనే చూస్తున్నాడు. ముదురు నీలం డ్రెస్సు, వజ్రాల చెవిపోగులు, అందరినీ కడుపుబ్బ నవ్వించే మాటలు. బాంబుల్ని తప్పించుకోవచ్చు గానీ ఇలాంటి విందులు భరించడం తన వల్ల కాదనుకున్నాడు.

“ఇక్కడ మంటల గిన్నె పందెం ఉందట! ఎవరికి దమ్ముంది?” అంది మేడం.

ఓనరు నవ్వుకుంటూ వచ్చి రూల్స్ చెప్పాడు. బకెట్టంత గిన్నెలో ఎర్రటి మిరప సూప్. పది నిమిషాలు. నీళ్లు ముట్టకూడదు. గెలిచినవాడు తన ఫొటోను తన చేత్తోనే ఫ్రేములో పెట్టి గోడకు తగిలించాలి. గోడ మీద ఇప్పటికి మూడే ఫొటోలున్నాయి. చివరిది నాలుగేళ్ల కిందటిది.

ఓనరు ఖాళీ ఫ్రేము తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. మేడం చేతిలోకి తీసుకుంది. “ఎంత ముద్దుగా ఉందో!”

ముచ్చటపడేవాళ్లు ఫ్రేమును ముందువైపు చూస్తారు. మేడం బొటనవేలు మాత్రం వెనక క్లిప్ మీద ఉంది. టక్. క్లిప్ మళ్లీ పడింది. ఏజెంట్‌కు విషయం అర్థమైంది. ఎవరూ గెలవరు, ఫ్రేము ఓనరుతో లోపలికి పోతుంది. చేతులు మారడం అందరి కళ్లముందే జరుగుతుంది.

తిండిలో ఆఫీసుకే పెద్దదిక్కయిన డ్రాఫ్ట్స్‌మన్ చొక్కా చేతులు మడిచి పందేనికి కూర్చున్నాడు. మూడో నిమిషంలోనే “అమ్మో, చచ్చాన్రా దేవుడా!” అని లేచి కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. అందరూ పగలబడి నవ్వారు. ఓనరు ఫ్రేము కోసం చెయ్యి చాచాడు. అతని మనుషులిద్దరు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. లాక్కుంటే ఇక్కడ తుపాకులు పేలతాయి.

“ఆగండి. నేను కూర్చుంటాను,” అన్నాడు ఏజెంట్.

మేడం నవ్వు ఆగింది. “మీకు అల్సర్ కదా బాబాయ్ గారూ! ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?”

“ఒక్కసారి సరదా పడనివ్వమ్మా.”

మొదటి స్పూనుకే కళ్లు బైర్లు కమ్మాయి. ఐదో నిమిషానికి చొక్కా తడిసిపోయింది. ఏడో నిమిషంలో కడుపులో ఎవరో కత్తి తిప్పుతున్నట్టు అనిపించింది. పరాయి దేశం జైల్లో గోళ్లు పీకినప్పుడు కూడా అతను ఇంతగా ఏడవలేదు. “బాబాయ్! బాబాయ్!” అని టేబుల్ చుట్టూ కేకలు. మూడేళ్లు అబద్ధం చెప్పి బతికిన చోట ఇంత నిజమైన ప్రేమ చూసి అతనికి సిగ్గేసింది.

ఆఖరి స్పూను మింగేసరికి ఓనరు గడియారంలో ఒక్క సెకను మిగిలింది.

డ్రాఫ్ట్స్‌మన్ అప్పటికప్పుడే ఫొటో వచ్చే ఓనరు కెమెరా ఎత్తాడు. చెవిలో చీఫ్ అరిచాడు. “ఫొటోనా? తప్పుకో! ఇది ఆర్డర్!”

తప్పుకుంటే ఫ్రేము చేతికి రాదు. ఏజెంట్ చెవిమిషన్ తీసి జేబులో వేసుకుని కెమెరా వైపు తిరిగాడు. ఫ్లాష్ మెరిసింది.

ఫొటో బయటికి వచ్చింది. అతను ఫ్రేము వెనక క్లిప్ తెరిచాడు. గోరంత చిప్ అరచేతిలోకి జారింది. జేబులోని అల్సర్ మాత్రల అట్టలోంచి ఒకటి నోట్లో వేసుకుని, ఖాళీ అయిన గుంటలో చిప్‌ను నొక్కాడు. ఫొటో పెట్టి ఫ్రేము గోడకు తగిలించి చెవిమిషన్ మళ్లీ పెట్టుకున్నాడు.

“ఉప్పు సరిపోయింది,” అన్నాడు బొంగురు గొంతుతో.

పక్క టేబుల్ దగ్గర కూర్చున్న చీఫ్ మనుషులు నలుగురు ఒక్కసారిగా లేచారు. తలుపు దగ్గరివాళ్ల చేతులు నడుముకు చేరకముందే వెనక్కి విరిగాయి. ఓనరుకు సంకెళ్లు పడ్డాయి. మేడం లేచి హ్యాండ్‌బ్యాగ్ సర్దుకుంది.

“ఫ్రేము నేను తిప్పడం చూశారా?”

“చూశానమ్మా.”

“ఆ సూప్ తాగుతారని మాత్రం అనుకోలేదు బాబాయ్ గారూ,” అంటూ చేతులు తనే చాచింది.

మర్నాడు ఉదయం హాస్పిటల్ మంచం పక్కన చీఫ్ ఫోన్ చూపించాడు. డ్రాఫ్ట్స్‌మన్ గోడ మీది ఆ ఫొటోను ఫోన్‌లో తీసి “మా బాబాయ్ మొనగాడు” అని ఆన్‌లైన్‌లో లోకమంతా చూసేలా పెట్టేశాడు. ఎర్రటి ముఖం, ధారగా కళ్లనీళ్లు.

“ప్రతి శత్రువు దగ్గరా ఇప్పుడు నీ ఫొటో ఉంది. ఇక ఫీల్డు లేదు. ఇంటికెళ్లు.”

ఏజెంట్ చాలాసేపు ఆ ముఖాన్నే చూశాడు. తన ముఖం తనకే కొత్తగా ఉంది.

“అందరికీ అందింది, మా అమ్మాయికి కూడా ఒకటి పంపండి సార్,” అన్నాడు. “కళ్లనీళ్లు ఎలాగూ ఉన్నాయి. పెళ్లి ఆల్బంలో అతికించుకుంటుంది.”