శవం నేసిన చీర

కాళ్లు మడతపడలేదు.

నేతగాడు ఈరప్ప కులంలో మనిషి పోతే పద్మాసనం వేయించి, కూర్చోబెట్టి సమాధి చేస్తారు. బుధవారం పొద్దున పదకొండుకు అతని భార్య ఉరుకుందమ్మ గొల్లుమంది. పావుగంటలో వీధివాళ్లు వచ్చి శవాన్ని కూర్చోబెట్టబోయారు. మోకాళ్లు కొయ్యబారిపోయి ఉన్నాయి. పట్టుకున్నవాళ్లు చేతులు వదిలేసి వెనక్కి తగ్గారు.

ఎందుకంటే, పదిన్నర దాకా ఆ ఇంట్లో మగ్గం ఆడుతూనే ఉంది.

పన్నెండున్నరకు ఎస్సై జుబేర్ వచ్చాడు. వెంట డాక్టర్.

ఎమ్మిగనూరులోని ఆ వీధిలో ఒకప్పుడు నలభై మగ్గాలు. కరోనా తర్వాత నూలు ధర పెరిగి, చీర అడిగే నాథుడు లేక, ఒక్కొక్కటే మూగబోయింది. మిగిలింది ఈరప్పదే. ఇలాంటి వీధులంటే జుబేర్‌కు దిగులు. ఆదోనిలో జిన్నింగ్ మిల్లు మూసేసిన ఏడాది, వాళ్ల నాన్న యూనుస్ రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దాకా వెళ్లి వచ్చేవాడు.

డాక్టర్ బయటికొచ్చాడు. "గాయాల్లేవు. విషం లక్షణాల్లేవు. గుండె ఆగింది. కానీ ప్రాణం పోయి పద్దెనిమిది గంటలు దాటింది."

అంటే నిన్న సాయంత్రం ఆరున్నరకు ముందే.

మనిషి పోయిన ఇంట్లో పోలీసు అడిగే ప్రశ్నలంత పాడువి ఇంకేవీ లేవు. అయినా అడగాలి. మొదట పక్కింటి తిమ్మమ్మను పిలిచాడు.

"మగ్గం చప్పుడు నిజంగా విన్నావా?"

"ఈ చెవులతోనే సారూ. నిన్న పొద్దుగూకేదాకా ఆడింది. మళ్ల తెల్లారి ఐదుకే మొదలు."

"నేసిందెవరు?"

"ఇంకెవరప్పా, ఈరప్పే. సచ్చినా మగ్గం ఇడిసిపెట్టల్యా." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత కొడుకు వీరేష్. ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ.

"నిన్న ఎన్నింటికి వచ్చినావు?"

"మూడుకు."

"గొడవ పడినావా?"

"పడినా. మగ్గం అమ్మేయమన్నా. పొయ్యిలో కట్టెలకైనా పనికొస్తాదన్నా. సెయ్యి మాత్రం సేసుకోలేదు సార్. మూడున్నర బస్సుకే పోయినా."

చివరికి లక్ష్మప్ప. ప్రభుత్వ చేనేత సాయం జాబితా తనిఖీకి వచ్చిన ఉద్యోగి.

"పదిన్నరకు వచ్చాను సార్. వీధిలోనే మగ్గం చప్పుడు వినపడింది. లోపలికెళ్తే ఈరప్ప దుప్పటి కప్పుకుని ఉన్నాడు. జ్వరంతోనే నేసి, ఇప్పుడే నడుం వాల్చాడని ఉరుకుందమ్మ అంటే లేపలేదు. నేతగాడు లేని ఇంటికి సాయం ఉండదు. జాబితా ఈ సాయంత్రం ఐదుకు మూస్తారు."

జుబేర్ లోపలి గదిలోకి వెళ్లాడు. అందరూ శవాన్నే చూశారు. మగ్గం గుంటలోకి తొంగిచూసినవాడు లేడు. టార్చ్ వేశాడు. కింద కాళ్లతో తొక్కే చెక్కలు రెండు. రెండింటి మీదా ఎత్తు కోసం చిన్న చెక్క ముక్కలు కట్టి ఉన్నాయి. వేలితో తడిమాడు. సన్నటి గాడి తగిలింది.

రెండు గంటలకు అందరినీ మగ్గం ముందుకు పిలిచాడు.

"ఈరప్ప ఆరడుగుల మనిషి. ఆయన కాళ్లు నేరుగా చెక్కలకు అందుతాయి. ఈ ముక్కలు పొట్టి కాళ్ల కోసం. నిన్న కట్టినవి కావు. పాదం ఒరిసి ఒరిసి పల్లం పడ్డాయి. రెండో వేలు ఆనే చోట సన్నటి గాడి ఉంది. అది మెట్టె గీసిన గాడి."

అందరి చూపులూ ఉరుకుందమ్మ పాదాల మీదికి పోయాయి.

"ఎన్నేండ్ల నుంచి నేస్తాండావమ్మా?"

"మూడేండ్లప్పా. ఆయప్పకు సేతులు వణుకుతాండె. జాబితాలో పేరు ఆయప్పది. బయట సెప్పొద్దన్నాడు."

"నిన్న?"

"నాలుగ్గంటలకు నీళ్లడిగినాడు. తెచ్చేతలికే లేడు. తనిఖీకి ముందే పోయినాడంటే పేరు కొట్టేస్తారని గుంటలోకి దిగినా. పక్కనే ఆయప్ప. నోట్లో కొంగు కుక్కుకోని నేసినా. మగ్గం సప్పుడుకు నా ఏడుపు ఎవురికీ ఇనపల్యా."

వీరేష్ గోడకు తల ఆనించుకున్నాడు.

"ఈరప్ప పేరు తీసేయాలి సార్," అన్నాడు లక్ష్మప్ప. "నేను చూసింది శవాన్ని."

"తీసేయి. నిన్న నాలుగుకు పోయినాడనే నా రిపోర్ట్‌లో రాస్తా. కానీ నేసే మనిషి ఈ ఇంట్లో బతికే ఉంది. ఆమె పేరు రాసుకో."

లక్ష్మప్ప జాబితా తీశాడు. "రాస్తాను సార్. కొత్త పేరైతే నేస్తుండగా ఫోటో కావాలి. ఐదు లోపల."

శవం ఇంకా ఆ గదిలోనే ఉంది.

"వద్దుమా," అన్నాడు వీరేష్. "ఆ సాయం మనకొద్దు."

"వద్దంటే రేపు ఏం తినాల్రా?"

ఉరుకుందమ్మ కుచ్చిళ్లు ఎగదోపుకుని గుంటలోకి దిగింది. పోగు లాగే నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. ఈసారి నోట్లో కొంగు లేదు. భర్తను పేరు పెట్టి పిలుస్తూ, తిడుతూ, నేస్తూ గుండెలవిసేలా ఏడ్చింది. జుబేర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

లక్ష్మప్ప ఫోన్ పైకెత్తాడు. రెండో చేత్తో ఊతమిచ్చుకున్నాడు.

"ఇటు చూడమ్మా," అన్నాడు మెల్లగా. "మొహం కనపడాలంట."

ఆమె ఏడుస్తూనే మొహం ఎత్తింది.