పూరీ గేట్‌లో న్యూయార్క్

"ఆ బొమ్మకి నా మొకం ఎందుకెట్టినావు?"

కింద నిలబడి అడిగినాది ప్రశాంతి. నిచ్చెన మీదున్న మా మనవడు హరిబాబు కిందకి సూడ్నేదు.

ఆ యేడు, ఈ బెంగాలీవోళ్ల ఊళ్లో మా తెలుగోళ్లుండే పూరీ గేట్ పేట దుర్గాపూజ పందిరిని న్యూయార్క్ పట్నంలాగ కడదామన్నారు కమిటీవోళ్లు. ఇక్కడ అలవాటే. ఓ యేడు రాజుగారి కోట, ఓ యేడు రైలింజను. లోపల అమ్మోరు, బయట ఏదో ఊరు. వెదుర్లూ గుడ్డా థర్మకోలూ ఎట్టి పే...ద్ద మేడలు లేపినారు. తాళ్లు కట్టి బ్రూక్లిన్ వంతెనన్నారు. టైమ్స్ స్క్వేరని ఒకటే లైట్లు. బేటరీతో నడిసే ఓ టోటో బండికి పసుపు రంగేసి టాక్సీ అన్నారు. ముందర దీపం ఎత్తి పట్టుకున్న లిబర్టీ దొరసాని. ఆవిడ్ని సెక్కినోడు మావోడే.

ప్రశాంతి సుభాష్‌పల్లిలో పిల్లలకి ట్యూషన్ సెప్తాది. మావోడికి ఆ గుంటంటే పేణం. నోరే పెగల్దు. ఆ పిల్లకి ఇశాఖపట్నం సంబంధం వొస్తన్నాదని ఇన్నకాణ్ణించి అన్నం కూడా సరిగ్గా తినడం నేదు.

"నీది కాదు. గూగుల్‌లో ఫోటో సూసి సెక్కినాను," అన్నాడు.

"అమెరికా ఆవిడికి గెడ్డం మీద పుట్టుమచ్చుందా?"

"మసేమో."

"తుడు మరి."

తుడవనేదు. పక్కన లైట్లు కడతన్న బెంగాలీ కుర్రోళ్లు "ఆరే, మన టీచర్ దీదీ" అని నవ్వినారు.

అప్పుడే వొచ్చినాడు ఆ పిల్ల తండ్రి వెంకటరావు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, మా కమిటీ సెక్రట్రీ. పైకి సూసి మొకం మాడ్సుకున్నాడు.

"సాయంత్రం ఓపెనింగు. ఊరంతా నా కూతుర్ని సూసుకుంటా ఎల్తారేటి? పీకేయ్ రా ఆ మొకం."

మావోడు కత్తి తీసినాడు. కింద నిచ్చెన పట్టుకున్న నేను "ఆగరా" అన్నాను.

"మొకం నాది నాన్నా," అన్నాది ప్రశాంతి. "నన్నడగవా?"

"సెప్పు మరి."

ఆ పిల్ల రెండడుగులు ఎనక్కేసి బొమ్మని సూసినాది.

"ముక్కు బాగోనేదు. సరిసెయ్యమను."

"ముక్కొక్కటేనా?" పైనించి వొంగి అడిగినాడు మావోడు.

"ముక్కొక్కటే. మిగతాది ఉండనీ. నాకంత పొడుగు ముక్కుందేటి?"

"నాకేటి తెలుసు? ఎప్పుడూ దూరం నించే సూసినాను."

"అయితే దిగు. దగ్గిర్నించి సూసుకో."

అనేసి నవ్వాపుకోలేక అటు తిరిగిపోనాది. వెంకటరావు కూతుర్ని సూసినాడు, మావోణ్ని సూసినాడు. నా దగ్గిరకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"బాబాయ్, ఇశాఖోళ్లని రావొద్దని సెప్పేస్తాను. రేపు మా క్వార్టర్‌కి టీకి రండి. ఆణ్ని కూడా తీసుకురండి."

"తీసుకొస్తాన్రా," అన్నాను. "ముందు కిందకి దిగమను. గుంటడు దిగడం మర్సిపోనాడు."